గుర్రపుడెక్క ఒప్పందం

వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు దేశాలు మాది ప్రజాస్వామ్య బంధం, మాది వ్యూహాత్మక భాగస్వామ్యం అంటూ చేతులు కలుపుకున్న ఫొటో పేపర్లో పడితే, నేను ముందుగా ఆ పెద్దమనుషుల మొహాలు చూడను. వాళ్ళ వెనకాల కాస్త వంగి, ఇద్దరి చెవుల మధ్య నోరు పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటారు. ఒకరి మాట ఇంకొకరికి అందించే దుబాసీ. ఆ మొహం చూస్తాను. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా తెలిసింది ఆ ఒక్కరికే. ఒకప్పుడు నేనూ ఆ చోట నిలబడ్డాను. ఢిల్లీలో కాదు లెండి. కూచిపూడి దాటాక ఒక ఊళ్ళో, మురుగుకాల్వ గట్టు మీద, చీర కుచ్చెళ్ళు బురదలో తడుస్తుండగా.

కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పైనుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ కళ్ళకద్దుకునే పిల్లలు మా బంధువుల్లోనే బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ కోసం ఈ సంగతి రాస్తున్నాను. నమ్మినా సరే, ముసలావిడ చాదస్తం అనుకున్నా సరే.

నాది గుణదల. కాన్వెంటులో విదేశీ సిస్టర్ల దగ్గర చదువుకున్నాను. టైపూ షార్ట్‌హ్యాండూ పాసై, బెజవాడలో, డెల్టా పొలాల మురుగుకాల్వలు చూసే ఇంజనీర్ల ఆఫీసులో స్టెనోగా చేరాను. మా ఇంజనీర్లకు ఇంగ్లీషు రాక కాదు, తెల్లవాళ్ళ యాస వాళ్ళ చెవికి ఎక్కేది కాదు. నాకు చిన్నప్పట్నించీ అలవాటు కనక ఎక్కేది. ఆ ఒక్క కారణం వల్ల స్టెనోనల్లా దుబాసీనయ్యాను. జీతం మాత్రం స్టెనోదే.

డెల్టాలో పుట్టినవాళ్ళకు గుర్రపుడెక్క అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. అది నీళ్ళ మీద తేలుతూ పెరిగే కలుపు. ఊదారంగు పూలు పూస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. అది మురుగుకాల్వ నిండా చాపలా అల్లుకుందంటే పొలాల్లో పడ్డ వాననీళ్ళు సముద్రం వైపు కదలవు. వరి నీళ్ళ కిందే కుళ్ళిపోతుంది. ఏటా కూలీలను దింపి, కొడవళ్ళతో కోయించి, గట్టుకు లాగించేవారు. అది మళ్ళీ పెరిగేది.

ఈ కలుపు మీద రెండు ప్రజాస్వామ్యాలు ఒప్పందం చేసుకున్నాయి. ఒకటి మనది. రెండోది సముద్రాల అవతలిది, పేరెందుకు. ఢిల్లీలో సంతకాలైన ఆ ఒప్పందాన్ని తెలుగు చెయ్యమని నాకిచ్చారు. మొదటి పేజీ నిండా కవిత్వమే. ‘మహాసముద్రాలు విడదీసినా స్వేచ్ఛాకాంక్ష ముడివేసిన రెండు జాతులు’ అని మొదలైంది. కలుపు ప్రస్తావన చాలా వెనకాల ఎక్కడో ఉంది. అది ఎమర్జెన్సీ పెట్టిన సంవత్సరం. పేపర్లు సెన్సారు చేసినవే ఇంటికొచ్చేవి. మా వీధిలో ఒక లెక్చరరుగారిని పోలీసులు తీసుకుపోతే, ఎందుకని అడగడానికి ఆయన తమ్ముడు కూడా భయపడ్డాడు. నేను ‘ప్రజాస్వామ్యం’ అనే మాటను పేజీకి నాలుగైదుసార్లు టైపు చేస్తుంటే, మా హెడ్‌గుమాస్తాగారు పక్కనే పొడుం పీలుస్తూ అన్నారు:

“అమ్మాయ్, ఆ మాట కాస్త మెల్లగా కొట్టు. పక్క గదిలోకి వినపడుద్ది.”

ఆ ఆఫీసులో నాకు దొరికిన ఒకే ఒక్క మేధావి ఆయన.

ఒప్పందం ప్రకారం మిత్రదేశం మనకు కలుపు కోసే పడవ ఒకటి ఇచ్చింది. పడవంటే పడవ కాదు, ఇంజనూ, ముందువైపు పెద్ద కోత చట్రం, దానికి బ్లేళ్ళు, పసుప్పచ్చ రంగు. దానితోపాటు ఒక నిపుణుణ్ణి కూడా పంపింది. ఎండకు ఎర్రగా కందిపోయిన పొడుగాటి మనిషి. అందరూ ‘మిషను దొర’ అనేవారు. నేను మొదట్లో ఆయన్ని కూడా ఆ ఒప్పందంలో ఒక పేరా కింద లెక్కేసి చులకనగానే చూశాను. కానీ వచ్చిన కొత్తలోనే ఒకరోజు జీపులో వెళుతుంటే ఆయన నాతో ఇలా అన్నాడు:

“ఈ పడవను మా చలిదేశపు సరస్సుల్లో సన్నటి రెల్లు కొయ్యడానికి చేశారు. మీ కలుపు వేళ్ళు జడల్లా వచ్చి బ్లేళ్ళకు చుట్టుకుంటున్నాయి. ఇది ఇక్కడ పనికిరాదు.”

“ఆ సంగతి మీవాళ్ళకు చెప్పలేదా?”

“చెప్పాను. ఒప్పందం విజయవంతమైందని అప్పటికే ప్రకటించేశామన్నారు.”

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆయన మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

మా పెద్ద ఇంజనీరుగారి గురించి కూడా చెప్పాలి. మంచి ఇంజనీరని అంటారు. ఆయన ఇంజనీరుగా పనిచెయ్యడం నేను చూడలేదు కనక చెప్పలేను. నేను చూసిందల్లా ఆయన ఎదురుచూడ్డం. ఫోను కోసం, పైవాళ్ళ రాక కోసం, తర్వాత ప్రమోషను కోసం. పడవ వచ్చాక ఆ ఎదురుచూపుకు ఒక అర్థం దొరికింది. ఢిల్లీ నుంచి పెద్దలూ, మిత్రదేశపు ప్రతినిధులూ వచ్చి, కాల్వగట్టు మీద సభ పెట్టి, పడవను మనకు లాంఛనంగా అప్పగించాలి. ఆ సభ సవ్యంగా జరిగితే ఆయన హైదరాబాదు వెళ్ళిపోతారు.

సభ కోసం ఎంచిన ఊరు దగ్గరికి పడవను తీసుకెళుతుంటే అది వంతెన కింద ఇరుక్కుపోయింది. రెండు స్తంభాల మధ్య కోత చట్రం అడ్డంగా పడి, ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. కాల్వలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కంతా దాని వెనక పేరుకుని పేరుకుని దిమ్మ కట్టింది. కలుపు తియ్యడానికొచ్చిన మిషనే కాల్వకు ఆనకట్టయింది. అంతలో వానలు పట్టాయి. వంతెనకు ఎగువన ఆ ఊరి పొలాలన్నీ కొత్తగా నాట్లు వేసినవి. కళ్ళముందే నీళ్ళు కమ్మేశాయి.

ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటుగారు ఆఫీసుకు వచ్చారు. యాభై దాటిన రైతు. తలపాగా చంకలో పెట్టుకుని, వానకు తడిసిన చొక్కాతో పెద్ద ఇంజనీరుగారి బల్లముందు నిలబడ్డారు. నేను షార్ట్‌హ్యాండ్ పుస్తకంతో అక్కడే కూర్చుని ఉన్నాను.

“ఏవండీ, ఆ పడవ తీయించండి. మా పొలాలన్నీ మునిగినయ్.”

“అది మన పడవ కాదు ప్రెసిడెంటుగారూ. అప్పగింత అయ్యేదాకా మిత్రదేశపు ఆస్తి.”

“మిత్రులైతే మరీ మంచిది గదండీ. మిత్రుడు మన గుమ్మానికి అడ్డంగా బండి పెడితే, కాస్త జరుపు బాబూ అంటాం.”

“మీకు అంతర్జాతీయ వ్యవహారాలు అర్థం కావులెండి.”

“కావండీ. అందుకే పడవ సంగతి ఒక్కటే అడుగుతున్నా.”

పెద్ద ఇంజనీరుగారు ఫోను తీసి ఎవరికో చేస్తున్నట్టు నటించారు. ఆ ఫోను రెండు రోజుల్నుంచీ పనిచెయ్యడం లేదని నాకు తెలుసు.

మిషను దొరను అడిగితే, చట్రం విప్పేసి పడవను వెనక్కి లాగడం ఒక పూట పని అన్నాడు. కానీ చట్రం విప్పితే సభలో అది బోసినోటితో కనిపిస్తుందట. అందుకని వాళ్ళ రాయబార కార్యాలయంవాళ్ళు విప్పొద్దన్నారు. ఢిల్లీ పెద్దల వీలు చూసుకుని సభ వాయిదా పడింది. మళ్ళీ వాయిదా పడింది. ఆ ఫొటో కోసం ఒక ఊరు మొత్తం నీళ్ళలో నానుతోంది. ప్రెసిడెంటుగారు ఇంకా రెండుమూడుసార్లు వచ్చారు. ఆఖరుసారి వచ్చినప్పుడు గదిలోకి పోకుండా నా బల్ల దగ్గరే ఆగి అడిగారు.

“అమ్మాయిగారూ, ఆ సభలో దొరలకు తెలుగు విప్పిచెప్పేది మీరేనంటగా?”

“నేనేనండి.”

“అయితే చాలు,” అని వెళ్ళిపోయారు. ఆ ‘చాలు’ అన్న మాట నాకు సగమే అర్థమైంది, మిగతా సగం సభలో తెలిసింది.

సభరోజున తెల్లవారుతూనే వాన వెలిసింది. దేవుడు కూడా పైవాళ్ళ పక్షమేనని మా పెద్ద ఇంజనీరుగారు మురిసిపోయారు. గట్టు మీద షామియానా వేశారు. అతిథులకు ఇవ్వడానికి కొండపల్లి బొమ్మలు తెచ్చారు. కూచిపూడి నుంచి ఇద్దరమ్మాయిల్ని తీసుకొచ్చి, బురదనేల మీద బల్లలు పరిచి నాట్యం చేయించారు. పాపం ఆ పిల్లలు గజ్జెలు తడవకుండా ఉండడానికి పడ్డ పాట్లు చూస్తే జాలేసింది. పడవ ముందున్న కలుపును ముందురోజే కూలీలచేత కోయించి, అదంతా మిషనే కోసిందన్నట్టు గట్టు మీద కుప్పలు పెట్టించారు. పడవకు పూలదండలు వేశారు. అది మాత్రం ఇరుక్కున్న చోటే ఉంది. అక్కడే పనిచేస్తున్నట్టు కనబడేలా ఇంజను ఆన్ చేసి ఉంచారు.

కార్లు దిగిన ప్రతినిధుల నాయకుడు నెరిసిన జుట్టు, నీలం కోటు, చల్లని నవ్వు ఉన్న మనిషి. గట్టెక్కి, వంతెనకు ఎగువన రెండువైపులా పరుచుకున్న నీళ్ళను చూసి చేతులు చాపి అన్నాడు:

“ఎంత అందమైన సరస్సులు!”

నా పక్కనే నిలబడ్డ ప్రెసిడెంటుగారు అడిగారు.

“ఏమంటున్నాడమ్మా?”

“సరస్సులు అందంగా ఉన్నాయంటున్నారండి.”

ఆయన నీళ్ళకేసి చెయ్యి చూపించారు. “అది మా వరి అని చెప్పమ్మా,” అన్నారు.

చెప్పాను. నాయకుడు తలూపి, “ఓ, వరి నీళ్ళలోనే కదా పండేది,” అన్నాడు. అది కూడా ప్రెసిడెంటుగారికి చెప్పాను.

తర్వాత ఉపన్యాసాలు. ఢిల్లీ పెద్దమనిషి క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. మిత్రదేశపు నాయకుడు స్వేచ్ఛ గురించి మాట్లాడాడు. ప్రజలు నోరువిప్పి మాట్లాడగలిగిన దేశాల మధ్యనే నిజమైన స్నేహం సాధ్యమన్నాడు. షామియానా గుంజల పక్కన లాఠీలతో నిలబడ్డ పోలీసులు కూడా శ్రద్ధగా విన్నారు. ఇదంతా నేను తెలుగు చేసి చెబుతుంటే నా గొంతు నాకే మరెవరిదోలా వినిపించింది.

ఆఖర్న రైతుల తరఫున కృతజ్ఞతలు చెప్పమని ప్రెసిడెంటుగారిని పిలిచారు. చదవాల్సిన నాలుగు ముక్కలూ ఆఫీసులోనే రాసిచ్చారు. ఆయన మైకు ముందుకొచ్చి, ఆ కాగితాన్ని మడిచి తలపాగాలో దోపుకున్నారు.

“అయ్యా, మీరు ఇచ్చిన మిషను మా మురుగుకాల్వకి అడ్డంగా పడుంది. అది లేచిందాకా మా పొలాల్లో నీళ్ళు కదలవు. మాకు మీ పడవొద్దు. మీరు బయల్దేరేముందు దాన్ని తీయించి పొండి, మీకు దణ్ణం పెడతాం.”

పెద్ద ఇంజనీరుగారు నా వెనక్కొచ్చి, పళ్ళ మధ్యనుంచి, “థాంక్స్ చెప్తున్నాడని చెప్పు. అంతే. అంతే,” అన్నారు. నాయకుడు నాకేసి చల్లగా నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. నోరు విప్పగలిగిన దేశాలని ఇందాకే అన్నాడు కదా. ఆయన మాటమీద నాకు నమ్మకం లేదు గానీ, ప్రెసిడెంటుగారు నామీద ఉంచిన నమ్మకం కళ్ళముందే నిలబడి ఉంది. ఒక్కమాట కూడా వదలకుండా, ఒక్కమాట కూడా కలపకుండా ఇంగ్లీషులో చెప్పాను. దణ్ణం పెడతామన్నది కూడా.

ఏదో బద్దలవుతుందనుకున్నాను. పిడుగు పడుతుందనుకున్నాను. నాయకుడు లేచి, మైకు దగ్గరికొచ్చి, ప్రెసిడెంటుగారి చేతులు రెండూ పట్టుకున్నాడు.

“ఈ నిర్మొహమాటమే ప్రజాస్వామ్యపు ప్రాణం. ఈ గొంతు వినడానికే మేము ఇంతదూరం వచ్చాం,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఢిల్లీ పెద్దమనిషి కూడా కొట్టాడు. ఆ చప్పట్లలోనే సంతకాలు చేసేశారు, ఫొటోలు తీశారు, బొమ్మలు పుచ్చుకున్నారు, కార్లెక్కారు. పడవను ఎవరూ ముట్టుకోలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తిట్లు తిన్నాను, మెమోలు తిన్నాను, కానీ ఆ చప్పట్లంత అవమానం మళ్ళీ ఎరగను. మాట చెప్పనివ్వకపోవడం ఒక రకం. చెప్పనిచ్చి, మెచ్చుకుని, అవతల పారెయ్యడం ఇంకో రకం. ఈ రెండో రకం ఎలా ఉంటుందో ఆ గట్టు మీదే నాకు తెలిసింది.

కార్ల వెనకాలే మా ఆఫీసు జీపు కూడా పోయింది, పెద్ద ఇంజనీరుగారితో సహా. దొరనూ నన్నూ బెజవాడ చేర్చాల్సిన జీపు అది. ఆయన కోపంలో మమ్మల్ని మర్చిపోయారో, కావాలనే వదిలేశారో తెలియదు.

దొర కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. బూట్లు విప్పాడు. పనిముట్ల పెట్టె తీసుకుని నేరుగా కాల్వలోకి దిగిపోయాడు, నడుముల్లోతు నీళ్ళలోకి. గట్టు మీద జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

“ఏం చేస్తున్నాడమ్మా?” అన్నారు ప్రెసిడెంటుగారు.

అడిగాను. “చట్రం విప్పుతున్నాను. తాళ్ళు కావాలి, మనుషులు కావాలి. త్వరగా,” అన్నాడు దొర తలెత్తకుండానే.

ఊళ్ళోంచి మోకులు వచ్చాయి. బండి ఎడ్లు వచ్చాయి. చట్రం బోల్టులు తుప్పు పట్టాయి, ఒక్కోటీ కదలడానికి ఒక్కో యుద్ధం. ఆయన ఇంగ్లీషులో అరుస్తాడు, నేను తెలుగులో అరుస్తాను, వాళ్ళు లాగుతారు. “ఎడమకి! ఆగండాగండి! ఇప్పుడు లాగండి!” నాయకుల ఉపన్యాసాలప్పుడు మరొకరిదిలా వినిపించిన గొంతు అప్పుడు నాదే అనిపించింది. చట్రం ఊడి నీళ్ళలో పడింది. చీకటి పడేలోగా పడవ కిర్రుమంటూ వెనక్కి, గట్టు వారకు జరిగింది. వెనక దిమ్మకట్టిన గుర్రపుడెక్క ముందు వణికింది, తర్వాత మధ్యకు చీలింది, ఒక్కసారిగా వంతెన కిందనుంచి కొట్టుకుపోయింది. దాని వెంట నీళ్ళు. ఆ హోరు విని ఊళ్ళో ఆడవాళ్ళు గట్టు మీదికి పరిగెత్తుకొచ్చారు.

దొర గట్టెక్కి కూలబడ్డాడు. పిక్కల నిండా జలగలు. ఒక ముసలావిడ ఆకువక్కల సంచిలోంచి తన సున్నపు కాయ తీసి, ఏమాత్రం మొహమాటపడకుండా ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకుని, జలగలకు ఒక్కోదానికీ సున్నం రాసి ఊడదీసింది. “కదలకు నాయనా,” అంది. అది మాత్రం నేను అనువదించలేదు. అవసరం లేకపోయింది.

మర్నాడు పేపర్లలో చేతులు కలిపిన ఫొటో వచ్చింది. రైతులు హర్షం వెలిబుచ్చారని రాశారు.

ఆ తర్వాత అన్నీ వరసగా జరిగిపోయాయి. ఒప్పందాన్ని ఉల్లంఘించాడని దొరను వాళ్ళ దేశం వెనక్కి పిలిపించుకుంది. వెళ్ళేముందు ఆఫీసుకొచ్చి నాకూ హెడ్‌గుమాస్తాగారికీ చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. సభలో అల్లరి చేసి, ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేశాడని ప్రెసిడెంటుగారిని పోలీసులు తీసుకుపోయారు. ఎమర్జెన్సీ ఎత్తేసేదాకా ఆయన జైల్లోనే ఉన్నారు. మెరక పొలాలు తేరుకుని పండాయి. పల్లపువి కుళ్ళిపోయాయి. ప్రెసిడెంటుగారిది పల్లంలోనే ఉంది.

నన్ను పెద్ద ఇంజనీరుగారు గదిలోకి పిలిచారు.

“నిన్ను ఇంటర్‌ప్రెట్ చెయ్యమన్నామా, వాడు అన్నవన్నీ చెప్పమన్నామా?”

“రెంటికీ తేడా ఏమిటండి?” అన్నాను. నిజంగానే తెలియక అడిగాను. ఆయన తేడా చెప్పలేదు, మెమో ఇచ్చారు. నన్ను పాత కాగితాల గదికి మార్చారు. ఇంట్లో మా అమ్మ అన్నం పెడుతూ ఏడ్చింది.

“దొరలూ దొరలూ చూసుకునే యవ్వారంలో నీ నోరెందుకే?”

“వాళ్ళ నోరే నేనమ్మా,” అన్నాను. దానికి అమ్మ ఇంకా ఏడ్చింది. పెద్ద ఇంజనీరుగారు మాత్రం ప్రమోషను మీద హైదరాబాదు వెళ్ళారు. సభ విజయవంతమైందని ఫైల్లో ఉంది మరి.

ఎమర్జెన్సీ పోయింది. ఢిల్లీలో ప్రభుత్వం మారింది. తొలకరికి ముందు ఒకరోజు కొత్త ఇంజనీరుగారు నన్ను పాత కాగితాల గదినుంచి పిలిపించారు. ఒప్పందం రెండో విడతట. ‘పునరుద్ధరించబడిన ప్రజాస్వామ్యాల మధ్య’ అని ఒక ముక్క కొత్తగా కలిపారు. మిగతాదంతా పాతదే. అదే పడవకు కొత్త చట్రం బిగించి, నీలం రంగు వేశారు. అదే గట్టు, అదే షామియానా, వేరే కోట్లు. ఈసారి వేదిక మీద ప్రెసిడెంటుగారికి కుర్చీ వేశారు. స్వేచ్ఛ కోసం జైలుకెళ్ళిన రైతునాయకుడని మైకులో పొగిడి, మెడలో బంతిపూల దండ వేశారు. మనిషి బాగా చిక్కిపోయారు. చూపులో తేడా లేదు.

మాట్లాడమంటే ఆయన మైకు దగ్గరికొచ్చి నన్ను చూసి కొంచెం నవ్వారు.

“ఈసారి దీన్ని ఎక్కడ అడ్డం పెడతారో ముందే చెప్పమనమ్మా. దానికి ఎగువనున్నోళ్ళం నాట్లు వేసుకోం.”

చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా. అతిథులు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. పథక రచనలో పాలుపంచుకోవాలన్న రైతుల ఉత్సాహం తమను కదిలించిందనీ, ఈ సూచనను తప్పక పరిశీలిస్తామనీ వాళ్ళ నాయకురాలు జవాబిచ్చింది. అదీ ప్రెసిడెంటుగారికి చెప్పాను.

ఆయన తలూపారు. వేదిక దిగి, మెడలో దండ తీసి, వెళ్ళి పడవ ముక్కుకు తగిలించి, దానికి రెండు చేతులూ జోడించి, వెనక్కి తిరక్కుండా పొలాల వైపు నడిచిపోయారు. చచ్చినవాళ్ళ ఫొటోకు మనం ఎలా దండం పెడతామో అలా. అక్కడున్న తెలుగువాళ్ళందరికీ అర్థమైంది.

ఫొటోగ్రాఫరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన ఎందుకలా చేశారని నాయకురాలు నన్ను అడిగింది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆవిడ క్షణంసేపు ఆలోచించి, “మీ సంస్కృతి ఎంత గొప్పది!” అంది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటోయే వేశారు. కింద ‘మిత్రదేశానికి రైతు కృతజ్ఞత’ అని రాశారు.